పలక మీద పరాయి మాట

"ఆరాధన సగంలో లేచి ఎందుకొచ్చినావక్కా?" అని హుమేరా మూడోసారి అడిగింది.

ఎలీషబా మూడోసారి కూడా కొంగు చివర చూసుకుంటూ ఉండిపోయింది. పెరటి గడప మీద ఒదిగి కూర్చున్న ఆ మనిషికి అరవై దాటాయి. చెన్నకేశవులు మాస్టారికి వండి పెట్టడం, ఆయన ఎక్కడో పెట్టి మరిచిన కళ్ళజోడు వెతికివ్వడం, చలికాలంలో తలకు మఫ్లరు చుట్టుకోమని పోరడం, ఇదే ఆమె బతుకు. నిన్న ఆదివారం పొద్దున ఆయన ఈ పెరట్లోనే, స్నానాల బండ పక్కన, తల వెనక దెబ్బతో పడి ఉంటే మొదట చూసింది ఆమె. కేకవేసి నలుగురినీ పిలిచింది ఆమె. నిన్ననే ఆయన్ను ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు, స్పృహ రాలేదు. కొట్టింది ఎలీషబానే అని నమ్మడానికి మార్కాపురానికి ఒక్క పూట సరిపోయింది.

ఆయన్ను కొట్టిన వస్తువు వంటింట్లోని పచ్చడిబండ. దాన్ని రోజూ పట్టుకునే చేయి ఎలీషబాది. ఆరాధన మధ్యలో ఆమె లేచి వెళ్ళిపోవడం చర్చిలో అందరూ చూశారు. ఎందుకు వెళ్ళావంటే చెప్పదు. ఇవాళ భోజనాల వేళ దాటాక వచ్చి ఆమెను తీసుకుపోతానన్నాడు ఎస్సై. అందుకే నిన్న రాత్రి ఎలీషబా ఎవరి ఫోనో అడిగి తీసుకొని గిద్దలూరులో ఉన్న హుమేరాకు ఫోను చేసింది. "సారు పడిపోయినాడమ్మా, నన్ను అడుగుతన్నారు" అన్న ఒక్క మాటకే హుమేరా పొద్దున బస్సెక్కి వచ్చేసింది.

హుమేరా ఒకప్పుడు రైల్వే పోలీసు. ఆ ఉద్యోగం వదిలి గిద్దలూరు స్టేషన్ రోడ్డులో చిన్న గది తీసుకొని డిటెక్టివ్ బోర్డు పెట్టింది. హత్యలు, దోపిడీలు వెతుక్కుంటూ వస్తాయని ఆశపడింది గానీ, వచ్చేవన్నీ పెళ్ళిళ్ళ విచారణలే. పిల్లవాడు తాగుతాడా, ఆ ఇంటికీ ఈ ఇంటికీ వరస కుదురుతుందా, ఇవే. అంతకు ముందు మాటేమిటంటే, డిగ్రీలో ఇంగ్లీషు చదవలేక తలదించుకు కూర్చున్న పిల్లను పిలిచి, "నీకు రాని మాటలు కాదే, ఎవ్వరికీ రాని మాటలు నేర్పుతా రా, అప్పుడంతా సమానం" అని పక్కన కూర్చోబెట్టుకున్నది చెన్నకేశవులు మాస్టారే. ఆయన మీద చెయ్యి పడిందని తెలియగానే హుమేరా చేతిలోని విచారణలన్నీ పక్కన పెట్టేసింది.

"నువ్వు చెప్పకపోతే నేను నమ్ముతానక్కా, ఎస్సై నమ్మడు."

"చెప్పేది గాదమ్మా అది. ఆ మాట నా నోటితో అనలేను. జైల్లో పెడితే పెట్టనీ." ఎలీషబా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆస్పత్రిలో ఒక్కసారి మొగం చూసొస్తానంటే లోపలికి పోనియ్యలేదు. పేషెంటుకు ఏమైతావని అడిగినారు. పనిమనిషిని అన్నా. బయట కూర్చోమన్నారు."

హుమేరా ఇంకేమీ అడగలేదు. సిగ్గుతో మూసుకున్న నోరు బెదిరిస్తే తెరుచుకోదని పెళ్ళి విచారణల్లో బాగా నేర్చుకుంది. లేచి ఇంట్లోంచి ముందు వసారాలోకి వచ్చింది.

అక్కడ విక్టర్ కుర్చీలో దర్జాగా కూర్చొని ఉన్నాడు. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. హుమేరా కొత్తగా చేరిన రోజుల్లో ఆమెకు సెల్యూట్ కొట్టడం నేర్పినవాడు. ఇప్పుడు ఒంగోలులో తనూ ఒక డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. మాస్టారి మేనల్లుడు రాజేష్ నిన్ననే ఆయన్ను పిలిపించుకున్నాడు. పుట్టింది మార్కాపురంలోనే కాబట్టి ఊరంతా ఆయనకు తెలుసు. తనకు తెలియనిది ఉండదన్నది ఆయన నమ్మకం.

"అయిందా నీ ఎంక్వైరీ? పెండ్లిచూపులు గాదమ్మా ఇది," అన్నాడు.

"పెండ్లిచూపుల్లో అయితే ఇంకా బాగా చూడాల సార్. తప్పు చేస్తే నూరేండ్లు తిడతారు."

విక్టర్ నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొందరపడే మనిషి, అంతే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేరం తేలకముందే నేరస్తుడి పేరు రాసుకొనే అలవాటు ఆయనకు నౌకరీలోనే ఉండేది.

"ఆయనే రాసిపెట్టి పడినాడు గదా," అని గోడవైపు చెయ్యి చూపించాడు. "చూడు."

వసారా గోడకు, వీధికి ఎదురుగా, మేకుకు ఒక పెద్ద పలక వేలాడుతోంది. చెక్క ఫ్రేము నలుపెక్కింది. ఆ పలక సంగతి ఆ వీధిలో పాలుపోసే మనిషికి కూడా తెలుసు. మాస్టారు రోజూ పొద్దున కాఫీ తాగగానే దాని మీద ఇంగ్లీషులో చచ్చిపోయిన మాట ఒకటి రాస్తాడు. దాని కింద తెలుగులో అర్థం. దాని కింద ఒక ఉదాహరణ. బడికి పోయే పిల్లలు, కూరలు కొనుక్కొచ్చే ఆడవాళ్ళు ఒక్క క్షణం ఆగి చదువుకొని పోతారు. ఆ మాటలు ఎవరికీ పనికిరావు. అదే వాటిలో ఉన్న రుచి అనేవాడు ఆయన.

నిన్నటి మాట ఇంకా పలక మీద ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో గుండ్రంగా, 'ఫ్రెమ్డ్' అని. దాని కింద తెలుగులో, 'పరాయి, వరస లేని.' ఉదాహరణ ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు.

"ఫోన్లో వెతికినా," అన్నాడు విక్టర్. "ఆరేడు వందల ఏండ్ల కిందటి మాటంట. అంటే పరాయి మనిషి, బంధువు గాని మనిషి అని. దెబ్బ తిన్నాక ఒంట్లో ఉన్న సత్తువంతా కూడదీసుకొని, కొట్టింది ఎవరో రాసినాడు. ఈ ఇంట్లో బంధువు గానిది ఎవరు? రక్తం గానిది, కులం గానిది, మతం గానిది? నాకు కష్టంగానే ఉంది, మా చర్చి మనిషే. కానీ న్యాయం న్యాయమే."

"దెబ్బ తగిలింది పెరట్లో. పలక ఉండేది వీధి వసారాలో. తల పగిలినాయన రెండు గదులు దాటుకోని వచ్చి, పలక దించి, ఇంత గుండ్రంగా రాసి, మళ్ళా మేకుకు తగిలించి, తిరిగి పెరట్లోకి పోయి పడినాడా? నడిచిన దారిలో ఒక్క చుక్క నెత్తురు లేదు సార్."

విక్టర్ మీసం సవరించుకున్నాడు. "సరే, దెబ్బకు ముందే రాసినాడనుకో. భయం ఉండి రాసినాడు. మాట మారుతుందా?"

"మనిషి మారతాడు." హుమేరా పలక దగ్గరికి వెళ్ళింది గానీ ముట్టుకోలేదు. "సారు దగ్గర చదువుకున్నోళ్ళకు ఒక గుట్టు తెలుసు. ఈ పొద్దు మాట నిన్నటి మనిషిది. ముందురోజు ఎవరొచ్చిపోతే వాళ్ళకు తగిన మాట మర్నాడు పలకెక్కుతాది."

ఆ గుట్టు నిజమే. ఒకసారి పది కార్ల హంగుతో ఒక నాయకుడు వచ్చి, మాస్టారికి శాలువా కప్పి, ఫోటో దిగి వెళ్ళాడు. మర్నాడు పలక మీద 'వ్లాంక్' అన్న మాట కనిపించింది. బడాయితో మిడిసిపడే అని దానికి అర్థం. నాయకుడి మనుషులు అర్థం దాకా పోకుండా, ఇంగ్లీషులో పొగిడాడనుకొని ఆ పలకను ఫోటో తీసి ఊరంతా పంచారు. మాస్టారు వారం రోజులు తనలో తాను నవ్వుకున్నాడు.

"మరి ఫ్రెమ్డ్ అంటే మీ ఫోను చెప్పింది సగమే సార్," అంది హుమేరా. "మాకు క్లాసులో చెప్పినాడు. ఇంగ్లీషులో 'ఫ్రమ్' అని చిన్న మాట ఉంది గదా, యాడి నుంచి అనేదానికి. ఆ రెండిట్ది ఒకటే వేరు. యాడి నుంచో వచ్చినోడు ఫ్రెమ్డ్. దీనికి ఎదురు మాట 'సిబ్'. సిబ్ అంటే వరసైనోడు. పాతకాలంలో ఇంగ్లీషోళ్ళు ఊరందరూ అనేదానికి సిబ్బూ ఫ్రెమ్డూ అని జంటగా అనేవాళ్ళంట. తర్వాత ఫ్రెంచి నుంచి ఇంకో మాట వచ్చి దీన్ని తోసేసింది. స్కాట్లండు వైపు మూలమూలల్లో కొన్నాళ్ళు బతికి అక్కడా పోయింది. పరాయి అనే మాటను వెళ్ళగొట్టింది ఒక పరాయి మాటే చూడండర్రా అని నవ్వేవాడు."

"పాఠం బాగుంది. కేసుకేం పనికొస్తది?"

"సిబ్ అంటే ఒక్క రక్తమే గాదన్నాడు సార్. అదీ చెప్పినాడు. చర్చిలో బిడ్డకు పేరు పెట్టేటప్పుడు పక్కన నిలబడి మాటిచ్చినోళ్ళు కూడా సిబ్బే, దేవుడి పేరు మీద వరస. మన ఊళ్ళలో ఉన్నట్టే. నేను తురకింటి పిల్లను. మా వీధిలో రెడ్డిగారి పిల్లలకు చిన్నమ్మను. వాళ్ళ పెండ్లిండ్లలో నా చీర నాకు పెడతారు. ఈ వరసలన్నీ ఎరిగిన సారు, చిన్నప్పటి నుంచి అన్నా అని పిలిచిన ఎలీషబక్కను పరాయి అని వీధికి చాటుతాడా? ఆమె రోజూ ఇంట్లో ఉండే మనిషి, వచ్చిపోయిన మనిషి గాదు. శనివారం ఈ ఇంటికి కొత్తగా వచ్చిందెవరు?"

విక్టర్‌కు తెలుసు. శనివారం సాయంత్రం వచ్చింది ఒక్కడే. బళ్ళారి నుంచి బ్యాగుతో దిగిన మేనల్లుడు రాజేష్.

మాస్టారి ఒక్కగానొక్క చెల్లెలు అనురాధ చాలా ఏళ్ళ కిందట తనకు నచ్చినవాణ్ణి చేసుకొని బళ్ళారి వెళ్ళిపోయింది. నాయన బతికున్నంతకాలం గడప తొక్కనివ్వలేదు. ఆ తర్వాత ఆమే లేకుండా పోయింది. ఆమెకు ఒక కొడుకున్నాడని తెలుసు గానీ, ఈ ఊళ్ళో ఎవరూ వాణ్ణి చూడలేదు. పెళ్ళి చేసుకోని మాస్టారికి ఈ ఇల్లు, రాచర్ల దగ్గర పొలం ఉన్నాయి. రక్తసంబంధం అంటూ ఎవరైనా ఉంటే ఆ మేనల్లుడే.

"ఆ పిల్లోడు తల్లి ఫోటో చూపించినాడు," అన్నాడు విక్టర్. "నేను గుర్తుపట్టినా, అనురాధదే. పేరు, తండ్రి పేరు ఆధార్‌లో సరిగ్గా ఉండాయి. నిన్న పొద్దున లాడ్జిలో నిద్రపోతా ఉన్నానన్నాడు."

"చూసినోళ్ళున్నారా?"

"నిద్రపోయేవాణ్ణి ఎవరు చూస్తారు?"

హుమేరా జేబురుమాలు తీసి, ఫ్రేము అంచులు మాత్రం పట్టుకొని పలకను మేకు నుంచి దించింది. ఆమె తండ్రి బతికినంతకాలం పలకల కార్ఖానాలో ఫ్రేములు బిగించాడు. ఆయన ఇంటికి తెచ్చిన విరుగు పలకల మీద ఆడుకుంటూ పెరిగింది ఆమె. రాయి రంగు చూసి అది ఎలా తుడిచిన పలకో చెప్పగలదు.

ఉదాహరణ ఉండాల్సిన జాగాలో రాయి నల్లగా లేదు. బూడిదరంగు మసక కమ్మి ఉంది.

"మేకు పక్కన ఆ గుడ్డ చూడండి సార్. సారు పలకను ఎప్పుడూ తడిగుడ్డతోనే తుడుస్తాడు. తడిగుడ్డ పెడితే బలపం పొడి కడుక్కుపోయి రాయి నల్లగా మెరుస్తది. ఇక్కడ పొడి చేత్తో రుద్దినారు. పలక మీద పొడి చెయ్యి పెడితే సారు వేళ్ళ మీద కొట్టేవాడు. ఆయన ఎవర్నైనా కొట్టింది దానికొక్కదానికే."

"అంటే ఆయన గాదు తుడిచింది."

"ఆయన గాదు. ఎలీషబక్కా గాదు, రోజూ ఆ గుడ్డ ఉతికి తడిపి పెట్టేదే ఆమె. పలకతో అలవాటు లేనివాడు, తొందరలో ఉన్నవాడు తుడిచినాడు. మాటను, అర్థాన్ని వదిలేసినాడు. ఈ ఒక్క వరుసే తుడిచినాడు. ఎందుకంటారు?"

ఆమె పలకను వసారా అంచుదాకా తెచ్చి ఎండకు ఏటవాలుగా పట్టుకుంది. మాస్టారిది బలపాన్ని నొక్కి రాసే చెయ్యి. పాత రాతల గీతలు పలక నిండా వెంట్రుకల్లా అల్లుకొని ఉన్నాయి. కానీ అవన్నీ కడిగిన గీతలు, నల్లగా ఉన్నాయి. చివరి గీతల్లో మాత్రం పొడి ఇంకా కూరుకొని ఉంది. పొడి చెయ్యి పైపైన రుద్దింది తప్ప గీతలోంచి పొడిని తీయలేకపోయింది. తుడిచినవాడు పక్కనున్న తడిగుడ్డ అందుకొని ఉంటే ఈ పాటికి ఏమీ మిగిలేది కాదు. విక్టర్ కళ్ళజోడు పైకి జరుపుకొని తనూ వంగాడు. ఇద్దరూ పలకను అటూ ఇటూ వంచుతూ, చిన్నపిల్లల్లాగా కూడబలుక్కొని చదివారు.

'పెద్దమ్మను' అన్న మాట తెలిసింది. తర్వాతి మాటను గట్టిగా రుద్దేశారు, ఏమీ ఆనలేదు. దాని తర్వాత 'అని పిలిచినవాడు' అని ఉంది.

"పెద్దమ్మను ఏమో అని పిలిచినవాడు ఫ్రెమ్డ్," అన్నాడు విక్టర్. "పెద్దమ్మ ఎవరు?"

హుమేరా పలకను కుర్చీ మీద పెట్టి పెరట్లోకి నడిచింది. విక్టర్ వెనకే వచ్చాడు గానీ, ఆమె కళ్ళతో చెప్పగానే తలుపు దగ్గరే ఆగిపోయాడు.

ఆమె ఎలీషబా పక్కన గడప మీదే కూర్చుంది. "అక్కా, నీ గురించి నేనేమీ అడగను. అనురాధమ్మ గురించి అడుగుతా. ఆమె నిన్ను ఏమని పిలిచేది?"

అనురాధ పేరు వినగానే ఎలీషబా ముఖం మెత్తబడింది. "అక్కా అని. మిషను బళ్ళో నేను రెండు తరగతులు పైన. చెయ్యి పట్టుకోని తీసకపోయేదాన్ని. వాళ్ళమ్మ పోయినాక తలకు నేనే పోసేదాన్ని. ఇల్లు దాటిపోయేటప్పుడు కూడా నాకొక్కదానికే చెప్పి పోయింది. కొడుకు పుట్టినప్పుడు ఫోను చేసి, నీకు కొడుకు పుట్టినాడక్కా అనింది. నాకు కొడుకు అన్లేదమ్మా. నీకు కొడుకు అనింది."

"అయితే ఆ పిల్లోడికి నువ్వు పెద్దమ్మవు."

"కాక?"

"శనివారం సాయంత్రం ఆ పిల్లోడు వచ్చి నిన్ను ఏమని పిలిచినాడు?"

ఎలీషబా లేవబోయింది. హుమేరా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. పెరట్లో తొట్టి మీద వాలిన కాకి నీళ్ళు తాగి ఎగిరిపోయింది.

"నీళ్ళ ట్యాంకరు వచ్చిన్నింది," అంది ఎలీషబా చివరికి, మాట వినబడీ వినబడకుండా. "వీధిలో ఆడోళ్ళంతా బిందెలతో ఉండారు. వాడు ఆటో దిగి అందరి ముందర, పెద్ద గొంతుతో, 'అత్తా, మామ ఇంట్లో ఉండాడా' అన్నాడు."

తలుపు దగ్గర విక్టర్ కాళ్ళు మార్చి నిలబడ్డాడు. ఈ ఊళ్ళో పుట్టినవాడికి అంతకంటే చెప్పనక్కర్లేదు. మామ మాస్టారయితే, అత్త అంటే మాస్టారి భార్య. పెళ్ళి కాని మగవాడి ఇంట్లో, అన్నా అని పిలుస్తూ ముప్పయ్యేళ్ళు వండిపెట్టిన ఆడమనిషిని, వీధి మధ్యలో ఆయన పెళ్ళాన్ని చేసి పిలిచాడు వాడు.

"ఆడోళ్ళు నవ్వినారమ్మా. ఒకామె అయితే, ఇన్నాళ్ళకు ఒకడు నిజం చెప్పినాడు అనింది. సారు వసారాలోంచి అంతా విన్నాడు. ఏమీ అన్లేదు. వాణ్ణి లోపలికి రమ్మని, కాఫీ ఇప్పించి, మీ అమ్మ నన్ను ఏమని పిలిచేది, ఈ ఇంట్లో ఇంకెవరి గురించి చెప్పేది అని మెల్లగా అడిగినాడు. వాడు రాచర్ల పొలం యాడుందని అడిగినాడు. వాడు పోయినాక సారు, 'ఎలీషబా, రేపు ఒక మంచి పాత మాట రాస్తా, చదువుకో' అన్నాడు. నేను చదవలేదు. తలొంచుకోని పనిచేసి చర్చికి పోయినా. అక్కడ వెనక బెంచీలో మళ్ళా అదే గుసగుస. పాట పాడేటప్పుడు కూడా నవ్వుకుంటన్నారు. ఉండలేకపోయినా. 'ఇంక నీ ఇంట్లో పనికి రాను అన్నా' అని చెప్దామని బయల్దేరినా. కాళ్ళు రాలేదు. విరుగుపలకల కుప్ప కాడ కూర్చోని ఏడ్చి ఏడ్చి, ఆ మీదట వచ్చినా. వచ్చేసరికి..." ఆమె నేలబండ వైపు చూసి ఆగిపోయింది. "పోలీసుల ముందర ఈ మాట ఎట్ల చెప్పాల? చెప్తే ఊరు నవ్విందే నిజమైతది. నన్ను ఏమన్నా పడతా. సారును అంటారు. పెద్ద మనిషి, ఒక్క మచ్చ లేకుండా బతికినాడు."

తన పేరు కోసం కాదు, ఆయన పేరు కోసం జైలుకు పోవడానికి సిద్ధపడి ఈ మనిషి గడప మీద కూర్చొని ఉంది. ఈమెనేనా పలక మీద పరాయి అని రాసింది!

విక్టర్ దగ్గరికి వచ్చాడు. మాటలో దర్జా తగ్గింది గానీ పట్టు వదల్లేదు. "బళ్ళారిలో పెరిగినవాడు హుమేరా. మన వరసలు తెలియకపోవచ్చు. మామ ఇంట్లో ఆడమనిషి ఉంటే అత్త అనుకున్నాడు. అది తప్పే, నేరం గాదు."

"నేనూ అదే అంటా. వరస తెలియకపోవడం నేరం గాదు సార్. తెలియనోడు ఆంటీ అనేవాడు, పోయేది. వీడు ఈ ఇంటి బిడ్డనని చూపించుకోవడానికి, అడక్కుండానే వరస కలిపినాడు. అక్కడ దొరికిపోయినాడు. నీకు కొడుకు పుట్టినాడక్కా అని ఫోను చేసిన తల్లి, ఆ కొడుక్కు ఊరి సంగతి చెప్పేటప్పుడు ఈమెను ఏమని చెప్తాది? మీ పెద్దమ్మ అనే గదా. మన ఆడోళ్ళు పిల్లలకు పేర్లు చెప్పరు సార్, వరసలు చెప్తారు. అనురాధ ఒళ్ళో పెరిగినవాడి నోట్లో అత్త అనే మాట రాదు. ఫోటో, ఆధార్ ఎట్లయినా పుట్టించొచ్చు గానీ వరస పుట్టించలేరు, వాడు ఆమె కొడుకే గాదు."

"అయినా..."

"అయినా సరే, అదీ వదిలేయండి. ఆ పలక వీధిలో అందరూ చూసేది. ఫ్రెమ్డ్ అంటే ఏందో కింద అర్థంలో వాడూ చదువుకొని ఉంటాడు, అది ఎలీషబక్క మీదికి తోయొచ్చని అట్లనే ఉంచినాడు. ఆ ఒక్క ఉదాహరణే తుడిచినాడు. పెద్దమ్మను అత్త అని పిలిచింది ఎవరో తెలిసినవాడికే గదా, ఆ వరుస తుడవాలని తెలిసేది?"

విక్టర్ చాలా కేసులు చూసిన మనిషి. అడ్డం పడటానికి ఇంక చోటు లేదని ఆయనకే తెలిసింది. మెల్లగా స్నానాల బండ మీద కూలబడ్డాడు. అప్పటిదాకా ఆ బండను తొక్కకుండా తిరిగినవాడు ఆ సంగతే మరిచిపోయాడు.

"పొద్దున ఆస్పత్రోళ్ళు అడిగినారు," అన్నాడు. "కర్నూలు తీసకపోతానని ఆ పిల్లోడు అంటన్నాడు, బంధువేనా అని. తెలిసినోళ్ళు ఎవరైనా సంతకం పెట్టాలన్నారు." ఆయన తన కుడిచేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు. "నేనే పెట్టినా. అంబులెన్సు పోయి గంట దాటింది."

ఎలీషబా ఒక్క ఉదుటున లేచింది. హుమేరా అప్పటికే ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది. సంతకం పెట్టినప్పుడు తీసుకున్న డ్రైవరు నంబరు అందులో ఉంది. స్పీకరు ఆన్ చేసింది. చాలాసేపు మోగాక ఒక మగగొంతు పలికింది.

"అంబులెన్సు యాడికి చేరిందన్నా? చెన్నకేశవులు సారు ఎట్ల ఉండాడు?"

"మీరెవరు?"

"డిటెక్టివ్ హుమేరా. విక్టర్ సారు పక్కనే ఉండాడు."

"డిటెక్టివ్‌లకు, పోలీసోళ్ళకు ఏమీ చెప్పొద్దన్నాడమ్మా ఆ అబ్బాయి. మా రూలు కూడా అంతే. సొంతమనుషులకైతేనే చెప్తా."

విక్టర్ గద్దించబోయాడు. ఇంతలో ఎలీషబా చెయ్యి చాపి ఫోను తీసుకుంది. నిన్నటి నుంచి నేలకు తగులుతున్న ఆమె తల ఇప్పుడు నిటారుగా ఉంది.

"నేను ఆయన చెల్లెల్ని మాట్లాడతన్నా నాయనా. మా అన్నను యాడ దించినావు?"

అవతల గొంతు తగ్గింది. "అట్ల ముందే చెప్పొచ్చు గదమ్మా. బేస్తవారిపేట దాటినాక ఆపమన్నాడు. వేరే కారు వచ్చింది. నేను వద్దన్నా, సెలైన్ ఉండాదన్నా. వినలేదు. ఆ కారులోకి మార్చుకోని రాచర్ల వైపు తిప్పినాడు. నేను వెనక్కొచ్చేస్తన్నా."

"ఊపిరి ఉండాదా ఆయనకు?"

"ఉండాదమ్మా. దించేటప్పుడు చెయ్యి కూడా కదిలించినాడు." డ్రైవరు ఒక్క క్షణం ఆగాడు. "ఒకటి మాత్రం నాకు బాగలేదు. దారిలో పుస్తకాల అంగడి కాడ ఆపించి, స్టాంపులకు వాడే ఇంకు ప్యాడు కొన్నాడు. ఈ టైములో ఇదేందన్నా అంటే, కర్నూల్లో ఫారాలు ఉంటాయన్నాడు."

ఎలీషబాకు అర్థం కాలేదు. హుమేరాకు అర్థమైంది, విక్టర్‌కూ అర్థమైంది. స్పృహ లేనివాడు సంతకం పెట్టలేడు. ఊరందరికీ అక్షరాలు దిద్దించిన ఆ పెద్దాయన బొటనవేలు ఒక్కటి చాలు వాడికి, రాచర్ల పొలం కాగితం మీద. ఆ వేలిముద్ర పడేదాకా ఆయన ఊపిరి వాడికి అవసరం. పడిన తర్వాత అదే వాడికి అడ్డం. చెయ్యి కదిలిస్తున్న మనిషికి రేపు మాట కూడా వస్తుంది.

విక్టర్ కారు తాళాలు తీసి వీధిలోకి పరుగెత్తాడు. హుమేరా ఎస్సైకి ఫోను కలుపుతూ వసారా దాటింది. ఎలీషబా వెనకే వచ్చి, కుర్చీ మీది పలకను చూసి ఆగింది. నిన్న తలొంచుకొని దాటిపోయిన ఆ మాటను ఒక్కో అక్షరం చదువుకుంది. కింది అర్థం చదివింది. ఆ తర్వాత ఫ్రేము పట్టుకొని, చెరగకుండా తన చీర కొంగులో చుట్టుకొని కారెక్కింది.

"నువ్వు ఇంట్లో ఉండక్కా, అక్కడ ఏమవుతుందో," అంది హుమేరా.

"వాడు ఆయన బంధువునని చెప్పుకుంటాడు గదా," అంది ఎలీషబా. "కాదని చెప్పేదానికి సొంతమనిషి ఒకరన్నా ఉండాల."

విక్టర్ కారును రాచర్ల దారి పట్టించాడు.